గది మింగిన బి ఫ్లాట్: విశ్వవిద్యాలయ క్లబ్బులో ఓ జాజ్ క్వార్టెట్ కచేరీ, కేస్ స్టడీ

పర్యటనలో ఉన్న ఒక జాజ్ క్వార్టెట్‌కు నేను సౌండ్ ఇంజనీర్‌ని. టెనర్ శాక్సోఫోన్, పియానో, డబుల్ బేస్, డ్రమ్స్, నలుగురు కళాకారులు. వాయించేదంతా వాళ్ల సొంత రచనలే. ఈ కేసు ఒక విశ్వవిద్యాలయ క్లబ్బులో జరిగిన కచేరీకి సంబంధించింది. ఆ గదిలో బి ఫ్లాట్ అనే ఒకే ఒక్క స్వరం కార్యక్రమం మొత్తాన్నీ చెడగొట్టేలా తయారైంది. అందుకు కారణమేమిటో, దాన్ని ఎంతవరకు లొంగదీయగలిగామో రాస్తున్నాను. చిన్న హాళ్లలో మిక్సర్ ముందు కూర్చునేవారికీ, విద్యార్థి సంఘాల తరఫున కచేరీలు ఏర్పాటు చేసేవారికీ పనికొస్తుందని నా ఆశ.

సొంత రచనలు అన్న మాటను ముందుగా పట్టించుకోవాలి. పదిమందికీ తెలిసిన పాటను వాయిస్తున్నప్పుడు సౌండ్ కాస్త అటూఇటూ అయినా నడిచిపోతుంది. వినపడని చోట శ్రోత జ్ఞాపకం వచ్చి ఖాళీ పూరిస్తుంది. బేస్ మసకబారినా, పల్లవి తెలుసు కాబట్టి ఎక్కడున్నామో తెలిసిపోతుంది. కొత్త రచనకు ఆ వెసులుబాటు లేదు. గదిలో ఏది వినిపిస్తే అదే రచన. వినిపించనిది శ్రోత లెక్కలో స్వరకర్త రాయనట్టే. అందుకే సొంత రచనల బృందాలకు సౌండ్ చేసేటప్పుడు నేను శబ్దం ఎంత పెద్దగా ఉందన్నది తర్వాత చూసుకుంటాను. ప్రతి వాద్యం వరుసా విడిగా వినిపిస్తోందా అన్నదే మొదట చూస్తాను.

విశ్వవిద్యాలయాలు ఇలాంటి సంగీతానికి పాత నేస్తాలే. 1950ల మొదట్లో డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ అమెరికాలో కళాశాలల చుట్టూ తిరిగి శ్రోతలను సంపాదించుకుంది. ఆయన భార్య అయోలా బ్రూబెక్ కళాశాలలకు వరుసగా ఉత్తరాలు రాసి ఆ కచేరీలు కుదిర్చారు. 1953 మార్చిలో ఓబర్లిన్ కళాశాలలో వాళ్లు చేసిన కచేరీ రికార్డుగా వచ్చి నేటికీ నిలిచి ఉంది. నాట్యానికి రాని, కేవలం వినడానికి వచ్చే యువ శ్రోతలు దొరికాకే ఆ బృందం కొత్త లయల జోలికి ధైర్యంగా వెళ్లగలిగిందని నా అభిప్రాయం. ఇప్పటికీ విద్యార్థుల క్లబ్బులో తెలియని సంగీతానికి దొరికే ఓపిక మరోచోట దొరకడం కష్టం. అయితే ఆ క్లబ్బులను కట్టినవాళ్లు సాధారణంగా సంగీతాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టరు.

గది

మేము చూసింది అలాంటి గదే. పొడవు 11.8 మీటర్లు, వెడల్పు 5.9, ఎత్తు 2.95. ఈ 3 అంకెలను పక్కపక్కన రాసుకున్న సౌండ్ మనిషి ఎవరైనా తల పట్టుకుంటాడు. ఒకటి మరొకదానికి సరిగ్గా రెట్టింపు. ఎదురెదురు గోడల మధ్య ధ్వని అటూఇటూ తిరిగేటప్పుడు కొన్ని పౌనఃపున్యాల దగ్గర అది తనను తానే బలపరచుకుంటుంది. ఇదే అనునాదం. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. దాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే మొదటి అనునాదం వస్తుంది. ఎత్తుకు 58 హెర్ట్జ్. వెడల్పుకు 29, దాని రెట్టింపు మళ్లీ 58. పొడవుకు 14.5, దాని నాలుగో గుణిజం కూడా 58. మూడు దిక్కుల నుంచీ గది ఒకే చోట వేలు పెడుతోంది.

డబుల్ బేస్ అడుగు తీగ ‘ఇ’ 41.2 హెర్ట్జ్, దాని పై తీగ ‘ఎ’ 55. ‘ఎ’ తీగ మీద మొదటి అరస్వరం పైకి వెళ్తే బి ఫ్లాట్, 58.3 హెర్ట్జ్. జాజ్‌లో బి ఫ్లాట్ ఎంత తరచుగా వస్తుందో చెప్పక్కర్లేదు. టెనర్ శాక్సోఫోన్ వాద్యమే బి ఫ్లాట్ శ్రుతిది.

మా బేస్ కళాకారుడు రాసిన ఒక రచన 7 మాత్రల లయలో నడుస్తుంది. మిశ్రచాపు తాళం (3+4) విన్న చెవులకు ఏడు కొత్త కాదు, అయితే ఇక్కడ విభజన 4+3. శాక్సోఫోన్ రాగమంతా ఆ చక్రం మీద తేలుతూ, కావాలనే సమం, అంటే చక్రం మొదటి మాత్ర, తప్పించుకుని తిరుగుతుంది. అందువల్ల చక్రం ఎక్కడ మొదలవుతుందో చెప్పే బాధ్యత బేస్ వరుస ఒక్కదానిదే. ఆ వరుసలో మొదటి స్వరం మంద్ర బి ఫ్లాట్. కార్యక్రమం దానితోనే మొదలవ్వాలని బృందం ముందే నిర్ణయించుకుంది.

రెండు ఎదురెదురు ఫిర్యాదులు

సౌండ్ చెక్ మొదలైన కొద్దిసేపటికే తేడా తెలిసింది. బి ఫ్లాట్ మోగగానే గది దాన్ని పట్టుకుని వదలడం లేదు. తర్వాతి స్వరాలు, అవి చిన్నవి, దాని తోకలో మునిగిపోతున్నాయి. ఏడు మాత్రల నడక వినిపించాల్సిన చోట గుమ్మటంలాంటి ఒక మోత వచ్చి పోతోంది.

క్లబ్బు తరఫున మిక్సర్ చూసే విద్యార్థి చురుకైనవాడు. “బేస్ బాగా ఎక్కువైంది సార్, తగ్గించమంటారా?” అని అడిగాడు. అదే సమయంలో గది మధ్యకూ గోడకూ నడుమ నిలబడిన అతని స్నేహితురాలు “బేస్ అసలు వినిపించట్లేదు, పెంచు” అంటోంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మిక్సర్ బల్ల వెనుక గోడకు ఆనించి ఉంది. గోడల దగ్గర ఈ అనునాదపు పీడనం గరిష్ఠంగా ఉంటుంది. వెడల్పులో రెండో అనునాదానికి పక్క గోడల దగ్గరా, సరిగ్గా మధ్య గీత మీదా మోత. గోడ నుంచి నాలుగో వంతు దూరంలో, అంటే సుమారు 1.5 మీటర్ల దగ్గర, దాదాపు ఏమీ ఉండదు. ఆ అమ్మాయి నిలబడింది అక్కడే. మిక్సర్ దగ్గర కూర్చున్నవాడు తన చెవిని నమ్మి బేస్ తగ్గిస్తే, సగం గది ఏడు మాత్రల రచనను బేస్ లేకుండా వింటుంది. నాకు తెలిసిన చాలా క్లబ్బుల్లో మిక్సర్ బల్ల వెనుక గోడకే ఆనుకుని ఉంటుంది. దారికి అడ్డం కాకుండా. బేస్ విషయంలో గదిలో అంతకంటే అన్యాయమైన చోటు మరొకటి లేదు, మూలలు తప్ప.

మూలలో క్లబ్బువాళ్లు బేస్ ఆంప్లిఫయర్ పెట్టారు. అదీ బోలు చెక్క వేదిక మీద. మూలలో నేల మీద పెట్టిన స్పీకర్ గదిలోని అన్ని అనునాదాలనూ ఒకేసారి తట్టి లేపుతుంది. పైగా బేస్ అడుగున ఉండే ఇనుప మొన బోలు వేదిక మీద ఆని ఉండటంతో వేదిక కూడా తన వంతు గుమ్ముమంటోంది.

గోడల మీద ఎవరో శ్రద్ధగా 5 సెంటీమీటర్ల మందం ఫోమ్ పలకలు అతికించారు. 58 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు 5.9 మీటర్లు. అలాంటి రంధ్రాల పదార్థం గోడ మీద ఉండి దాన్ని బాగా పీల్చాలంటే మందం ఆ పొడవులో నాలుగో వంతు దరిదాపుల్లో, అంటే మీటరున్నర దాకా ఉండాలి. ఈ పలకలు డ్రమ్స్ తాళాల (సింబల్స్) మెరుపునూ శాక్సోఫోన్ ఊపిరినీ మాత్రం తినేసి, మోతను అలాగే వదిలేశాయి. ఫోమ్ లేకపోతే గది ఇంతకంటే సమంగా ఉండేదేమో.

ప్రేక్షకులు నిండితే సర్దుకుంటుందని నిర్వాహకుల ధీమా. మధ్య, పై స్థాయుల వరకు అది నిజం. గది ఘనపరిమాణం 205 ఘనపు మీటర్లు. ఖాళీ గదిలో ప్రతిధ్వని 1.3 సెకన్ల దాకా ఉందని, 80 మంది కూర్చుంటే అర సెకను దగ్గరికి పడిపోతుందని నేను లెక్కగట్టాను. కానీ మనుషులూ బట్టలూ 58 హెర్ట్జ్‌ను పెద్దగా పీల్చుకోలేరు. అంటే జనం నిండాక పైస్థాయిలన్నీ పొడిబారి, ఆ ఒక్క మోత మరింత కొట్టొచ్చినట్టు మిగులుతుంది. ఖాళీ గదిలో బాగోలేనిది నిండిన గదిలో ఇంకా బాగోదు.

చేసిన పనులు

ముందు మనిషిని జరిపాం. మిక్సర్‌లో ఏ గుండీ తిప్పినా రానంత ఫలితం బేస్ కళాకారుడిని మధ్య నుంచి పక్కకు జరిపితే వచ్చింది. పక్క గోడ నుంచీ వేదిక వెనుక గోడ నుంచీ చెరో 1.5 మీటరు దూరంలో నేల మీద టేపు అంటించి, ఆంప్లిఫయర్‌ను అక్కడికి తెచ్చాం. పొడవు, వెడల్పు రెండింటి అనునాదాలకూ అది దాదాపు నిశ్శబ్ద బిందువు. అక్కడి నుంచి గదిని తట్టి లేపడం కష్టం. నేల మీద పెట్టకుండా 80 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి బల్ల మీద పెట్టాం, ఎత్తు వైపు అనునాదం కూడా కొంత తగ్గేలా. వాద్యం మొన కింద మందపాటి రబ్బరు చాప వేశాం. కళాకారుడు అదే బి ఫ్లాట్‌ను మళ్లీ మీటి, కాసేపు విని, “ఇప్పుడు ఈ స్వరం నా వేలు మాట వింటోంది” అన్నాడు.

ఇక విద్యుత్ వైపు. బేస్ వంతెన మీద, తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పియెజో పికప్ ఉంది. పియెజోకు ఇన్‌పుట్ నిరోధం బాగా ఎక్కువగా, మెగాఓమ్‌లలో ఉండాలి. మామూలు లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే కింది స్వరాలు పలచబడి, తీగ గోకినట్టు వినిపిస్తుంది. క్లబ్బు పెట్టెలో అలాంటి ప్రీఆంప్లిఫయర్ లేదు, మాది వాడాం. ఆంప్లిఫయర్‌కు వెళ్లే బేస్ సంకేతంలో 58 హెర్ట్జ్ దగ్గర సన్నగా 5 డెసిబెల్స్ కోత పెట్టాను. అంతకంటే లోతుగా కోస్తే నిశ్శబ్ద బిందువుల దగ్గర కూర్చున్నవారికి ఆ స్వరం పూర్తిగా మాయమవుతుంది.

హాలు స్పీకర్లలోకి బేస్‌ను 80 హెర్ట్జ్ కింద అసలు పంపలేదు. ఇది కొందరికి వింతగా అనిపించవచ్చు. 58 హెర్ట్జ్ స్వరంలో 116, 175, 233 హెర్ట్జ్ అనుస్వరాలు (మూలస్వరానికి పై గుణిజాలు) కూడా ఉంటాయి. వాటిని విన్న చెవి, మూలస్వరం బలహీనంగా ఉన్నా దాన్ని తనే ఊహించుకుంటుంది. మూలస్వరాన్ని ఆంప్లిఫయరూ గదీ చూసుకుంటాయి. స్పీకర్ల నుంచి అనుస్వరాలూ, 700 నుంచి 2000 హెర్ట్జ్ మధ్య వేలు తీగను వదిలే చప్పుడూ వెళ్తే చాలు. లయ నడక తెలిసేది ఆ చప్పుడులోనే. ఏడింటిలో ఏ మాత్ర ఎక్కడ పడిందో శ్రోతకు చెప్పేది మోత కాదు, ఆ వేలి కొస.

మిక్సర్ బల్లను వెనుక గోడ నుంచి ముందుకు తేవడానికి క్లబ్బువాళ్లు మొదట ఒప్పుకోలేదు, సీట్లు పోతాయని. చివరికి 2 కుర్చీలు తీసి జరిపారు. ఈ కచేరీలో కుర్చీల రూపంలో మేము అడిగిన ఖర్చు అంతే.

మిగతా సగం పని సంగీతంలోనే జరిగింది. అది నాకంటే వాళ్లకే ఎక్కువ దక్కాలి. పియానో వాయించే ఆవిడ ఎడమచేతితో ఆ మంద్ర బి ఫ్లాట్‌ను రెట్టించేది. దాన్ని ఒక స్థాయి పైకి మార్చింది. డ్రమ్స్ కళాకారుడి 18 అంగుళాల బేస్ డ్రమ్ అణచకుండా వదిలిన శ్రుతిలో, ఇంచుమించు అదే ప్రాంతంలో మోగుతోంది. చర్మాన్ని కొంచెం బిగించి, లోపలి నుంచి గుడ్డముక్క ఆనించి, చక్రం మొదటి మాత్రలో దాన్ని కొట్టడం మానేశాడు. ఆ మాత్రను రైడ్ సింబల్‌కు అప్పగించాడు. ముగ్గురు ఒకే స్వరం మీద పడుతున్న చోట ఇప్పుడు ఒక్కరే ఉన్నారు. కాగితం మీద ఇది రచనలో మార్పు. వినేవాడికి మాత్రం రచన అప్పుడే కనిపించింది. స్వరకర్తను శ్రుతి మార్చమని, మొత్తం రచనను ‘సి’లోకి జరపమని అడగవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. ఆలోచించాం. బేస్ తీగ మీద వేళ్ల అమరిక, శాక్సోఫోన్ పైస్థాయి అంచు రెండూ దెబ్బతింటాయి. గది కోసం అంత దూరం వెళ్లనక్కర్లేదు.

మానిటర్లు, అంటే కళాకారులు తమకు తాము వినడానికి ముందు పెట్టుకునే స్పీకర్లు, దాదాపు తీసేశాం. నలుగురూ 3 మీటర్ల లోపల ఒకరికొకరు ఎదురుగా వంపులో నిలబడితే ధ్వని ఒకరి నుంచి మరొకరికి చేరడానికి 9 మిల్లీసెకన్లు పడుతుంది. వేగమైన రచనల్లో కూడా అది ఇబ్బంది కాదు. ప్రతి ఒక్కరి ముందూ స్పీకర్ పెడితే ఎవరి శబ్దం వాళ్లు పెంచమంటారు. ఆ పోటీ డ్రమ్స్ దగ్గర ముగుస్తుంది. చిన్న గదిలో కర్రలతో గట్టిగా వాయిస్తే అవి 100 డెసిబెల్స్ దాకా సులువుగా పోతాయి. డ్రమ్స్ కింద మందపాటి తివాచీ వేసి, మైకులు ఏవీ పెట్టలేదు.

పియానో

క్లబ్బు పియానో నిలువుది. శ్రుతి 15 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) దిగి ఉంది: ‘ఎ’ 440 ఉండాల్సిన చోట 436 దగ్గర పలుకుతోంది. కచేరీ రోజే దాన్ని 440కి ఎక్కించమని నిర్వాహకులు అడిగారు. ఎక్కించిన తీగలు ఒక్క విడతలో నిలవవు, కొద్దిసేపట్లోనే జారతాయి; సాయంత్రానికి ఇంకా అధ్వానంగా మారే ప్రమాదం ఉంది. శ్రుతి చేసేవారితో మాట్లాడి, ఉన్న శ్రుతిలోనే ఉంచి, ఒకే స్వరానికి ఉండే జంట, త్రయ తీగల మధ్య తేడాలు మాత్రం సరిచేయించాం. బేస్‌కు ఇబ్బంది లేదు, దించుకున్నాడు. శాక్సోఫోన్‌కు మౌత్‌పీస్ కొంచెం బయటకు లాగాలి. అలా లాగినప్పుడు అన్ని స్వరాలూ సమానంగా దిగవు. గొట్టం తక్కువ పొడవు వాడే స్వరాలు, ముఖ్యంగా వేళ్లన్నీ తీసి పలికే సి షార్ప్, ఎక్కువ దిగుతాయి. అతను వాటిని పెదవితో సరిచేసుకుంటూ కొంతసేపు ఒంటరిగా సాధన చేశాడు. నిలువు పియానోకు ధ్వని ఫలకం వెనుక వైపు ఉంటుంది కాబట్టి దాని వీపును ఏటవాలుగా ప్రేక్షకుల వైపు తిప్పి, వెనుక నుంచి 2 మైకులు పెట్టాను. ఆవిడ చేతులు ప్రేక్షకులకు కనిపించకపోవడం ఒక్కటే లోటు.

కచేరీ

ఏడు మాత్రల రచనను మొదటి స్థానం నుంచి మూడో స్థానానికి జరిపించాను. విద్యార్థి క్లబ్బుల్లో మొదటి రచన సగం మంది కుర్చీలు లాక్కునే చప్పుడులో గడిచిపోతుంది. బృంద నాయకుడు లయ గురించి ముందు వివరించాలనుకున్నాడు, చప్పట్లతో లెక్క నేర్పుతానన్నాడు. నాకు ఆ పద్ధతి నచ్చదు. శ్రోత తరగతి గదిలోకి వచ్చి పడ్డట్టవుతుంది. దానికి బదులు బేస్ ఒంటరిగా 8 చక్రాలు వాయించాక మిగతావారు చేరేలా కుదిరింది. వేలు పడే చప్పుడు గది చివరిదాకా స్పష్టంగా వెళ్లింది. ఐదో చక్రం వచ్చేసరికి నా పక్కనున్న ఆ విద్యార్థి వేళ్లు బల్ల అంచు మీద నాలుగూ మూడూగా నడవడం చూశాను. శాక్సోఫోన్ వచ్చి సమాన్ని దాటవేస్తున్నా అతని వేళ్లు తప్పలేదు. నాకు ఇంతకంటే నమ్మకమైన మీటరు అవసరం లేదు.

రెండో విడతలో అదే రచన మళ్లీ వాయించినప్పుడు ఆవేశం పెరిగి, డ్రమ్స్ కళాకారుడు బేస్ డ్రమ్‌ను మొదటి మాత్రకు తిరిగి తెచ్చాడు. మోత కూడా తిరిగి వచ్చింది. ఆ ఊపులో దాన్ని ఆపమని సైగ చేయడం నాకు సబబనిపించలేదు. శ్రోతలకు అప్పటికి చక్రం తెలిసిపోయింది కాబట్టి రచన మునిగిపోలేదు. తెలిసిన పాటకు జ్ఞాపకం చేసే సాయం, మొదటి విడతలో విన్న రచనకు రెండో విడతలోనే దొరకడం గమనించదగ్గ విషయం. వరుసగా ఇలాంటి గదులు ఉన్న పర్యటనలో ఒక కొత్త లయను రెండు విడతల్లోనూ వేర్వేరు రచనల్లో పెట్టమని బృందానికి ఇప్పుడు నేనే చెబుతున్నాను.

గది మధ్యకూ పక్క గోడకూ నడుమ ఒకటి, పక్క గోడ దగ్గర ఒకటి రికార్డర్లు పెట్టాను. నడుమనున్నదాంట్లో వరుస స్వరస్వరం వినిపిస్తోంది. గోడ దగ్గరిదాంట్లో బి ఫ్లాట్ ఇంకా ఉబ్బే ఉంది. పక్క గోడలకు ఆనుకుని కూర్చున్నవారికి మేము చేయగలిగింది తక్కువ. బల్లలను గోడల నుంచి అర మీటరు లోపలికి జరిపి ఉంటే కొంత మేలు జరిగేది, కానీ అత్యవసర దారి వెడల్పు నియమం ఒప్పుకోలేదు.

ఒక కాగితం పని. సొంత రచనల కచేరీ తర్వాత, ఏ రచన ఎవరిదన్న జాబితాను స్వరకర్త సభ్యుడిగా ఉన్న ప్రదర్శన హక్కుల సంస్థకు పంపాలి. క్లబ్బు కట్టే లైసెన్సు రుసుములో స్వరకర్త వాటా సరిగ్గా చేరేది ఆ జాబితా వల్లే. విద్యార్థి సంఘానికి ఈ సంగతి తెలియదు. రికార్డు చేసి తమ రేడియోలో వేసుకుంటామని కూడా అడిగారు. ప్రదర్శన లైసెన్సు రికార్డింగుకు వర్తించదని, దానికి స్వరకర్తల నుంచీ వాయించినవారి నుంచీ విడిగా అనుమతి కావాలని చెప్పి, మూడు రచనలకు రాతపూర్వకంగా ఇప్పించాం.

నేల మీది టేపు గుర్తును తీసేయవద్దని క్లబ్బును కోరాం. అది 58 హెర్ట్జ్ కోసం పెట్టిన గుర్తు అని దాని పక్కనే రాసి ఉంచాం. ఎందుకంటే ఐదు తీగల ఎలక్ట్రిక్ బేస్ తెచ్చే బృందానికి అడుగు తీగ ‘బి’ 30.9 హెర్ట్జ్. దానికి దగ్గరగా ఉన్నది 29 హెర్ట్జ్ అనునాదం. వెడల్పు దిశలో దాని నిశ్శబ్ద బిందువు గది మధ్య గీత మీదే ఉంటుంది. పొడవు దిశలో వేదిక వెనుక గోడ నుంచి దాదాపు 3 మీటర్ల దగ్గర. అలాంటి బృందం వచ్చినప్పుడు ఆంప్లిఫయర్‌ను పక్కకు కాకుండా మధ్యకే, వేదిక ముందు అంచుకు తేవాలి.